కోచ్ సార్ తీరు బాగాలేదు, ఏం చేయాలి? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి శిబిరాలు మొదలైన వారం పది రోజులకు ఈ ప్రశ్నలు మొదలవుతాయి. మళ్ళీ దసరా సెలవుల్లో, మళ్ళీ సంక్రాంతి టోర్నమెంట్ల ముందు. నెల్లూరు కానీ, కావలి కానీ, ఒంగోలు కానీ, కనిగిరి కానీ, అందరి గొంతులో అడ్డంపడేది ఒకటే మాట: "పైసా తీసుకోకుండా నేర్పుతున్నాడు, అలాంటాయన్ని ఎట్టా అడిగేది?"

మన జిల్లాల్లో పిల్లల ఆటలు నడిచేదే ఇలాంటివాళ్ళ మీద. బడి అయ్యాక గ్రౌండుకొచ్చే పీఈటీలు, యూనివర్సిటీ స్థాయి దాకా ఆడి ఆగిపోయిన సీనియర్లు, డ్యూటీ లేని పూట విజిల్ పట్టుకునే పోలీసు, రైల్వే ఉద్యోగులు. వాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళు. ఈ పేజీ మిగతావాళ్ళ గురించి. ఏ ప్రశ్న అవసరమైతే దాన్నే చదువుకోవచ్చు.

## చేర్చే ముందు

ఊరికే నేర్పే సార్‌ని అవీ ఇవీ అడిగితే బాగుంటదా?

బాగుంటది. ఉచితంగా వస్తున్నాడంటే డబ్బు లెక్క లేదని అర్థం, జవాబు చెప్పాల్సిన పని లేదని కాదు. ఈ శిబిరం ఎవరి కింద నడుస్తోంది, అంటే జిల్లా క్రీడా ప్రాధికార సంస్థదా, బడిదా, సంఘానిదా, ఆయన సొంతమా? ప్రాక్టీస్ జరిగినంతసేపూ గ్రౌండులో ఇంకో పెద్దమనిషి ఉంటారా? పిల్లవాడికి దెబ్బ తగిలితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? కబుర్లన్నీ తల్లిదండ్రుల గ్రూపులో వస్తాయా, పిల్లల ఫోన్లకు నేరుగా వెళ్తాయా? ఈ నాలుగూ అడిగితే చాలు. మంచి కోచ్ రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. "నా మీద నమ్మకం లేదా?" అని ఎదురు తిరిగితే అదే మీకు జవాబు.

ఆయన మీద ఇంతకుముందు గొడవలున్నాయని విన్నాం. నిజమో కాదో ఎట్టా తెలుసుకునేది?

ఇప్పుడు ఆడుతున్న పిల్లల తల్లిదండ్రుల్ని అడిగితే మంచే చెప్తారు, వాళ్ళకు జట్టులో చోటు కావాలి. మానేసిన పిల్లల ఇళ్ళు కనుక్కోండి. ఇద్దరు ముగ్గురు ఒకే కారణం చెప్తే అది పుకారు కాదు. ఆయన ముందు నేర్పిన గ్రౌండు ఎందుకు వదిలాడో అక్కడి నిర్వాహకుల్ని అడగండి.

చెప్పకుండా రెండు మూడు రోజులు వెళ్ళి ఆఖరి ఇరవై నిమిషాలు చూడండి. అందరూ అలిసిపోయే సమయం అదే, అసలు స్వభావం అప్పుడే బయటపడుతుంది. క్యాచ్ వదిలిన పిల్లవాడు ముందు బంతి వెంట పరిగెడతాడా, సార్ ముఖం వైపు చూస్తాడా? జట్టులో అందరికంటే బలహీనంగా ఆడే పిల్లవాడితో ఆయన ఎట్టా మాట్లాడతాడు? కోచ్ సంగతి తేలేది ఇక్కడే, గోడకున్న కప్పుల దగ్గర కాదు.

బర్త్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఇవ్వమంటున్నారు. ఇచ్చేద్దామా?

ఇవ్వొద్దు. ఒరిజినల్ చూపించి, జిరాక్స్ మీద "ఫలానా టోర్నమెంట్ ఎంట్రీ కోసం మాత్రమే" అని రాసి, సంతకం, తేదీ వేసి ఇవ్వండి. పిల్లవాడు వేరే గ్రౌండుకు పోతానన్నప్పుడు ఒరిజినల్స్ తొక్కిపెట్టడం పాత ఎత్తుగడ. గెలిచిన సర్టిఫికెట్లు కూడా పిల్లవాడివే, ఆయన బీరువాలో ఉండాల్సిన పని లేదు.

ఒకే ఆటకి జిల్లాలో రెండు సంఘాలున్నాయంట. ఏ సార్ దగ్గర చేర్చాలి?

నేర్చుకోవడం వరకైతే ఎక్కడైనా ఒకటే. సెలక్షన్, సర్టిఫికెట్ మాట వస్తే మాత్రం ఏ సంఘానికి రాష్ట్ర సంఘం గుర్తింపు, దానికి జాతీయ సమాఖ్య గుర్తింపు ఉన్నాయో కాగితం చూపించమనండి. "మాదే అసలుది" అన్న నోటిమాటకు విలువ లేదు.

## సీజన్ నడుస్తుండగా

సార్ నోరు తెరిస్తే బూతులే. గ్రౌండులో ఇది మామూలే అంటున్నారు, నిజమేనా?

గట్టిగా అరవడం మామూలే. వంద గజాల అవతల ఉన్న ఫీల్డరుకి మెల్లగా చెప్తే వినపడదు. "కాలు ముందుకెయ్, ఎన్నిసార్లు చెప్పాలి!" అన్నది ఆట మీద కోపం. "నువ్వు దేనికీ పనికిరావు, మీ అమ్మ నిన్నెందుకు కనిందో" అన్నది పిల్లవాడి మీద దాడి. రెండోది మామూలు కాదు.

అడిగే తీరు ముఖ్యం. అందరి ముందూ వద్దు, మ్యాచ్ రోజు అసలే వద్దు. ప్రాక్టీస్ అయిపోయి పిల్లలు వెళ్ళాక, మీ వెంట ఇంకో తల్లో తండ్రో ఉండగా, ఆ రోజు అన్న మాటను అన్నట్టే చెప్పండి: "సార్, నిన్న సాయంత్రం మావాణ్ణి ఈ మాటన్నారు. ఆట విషయంలో ఎంతైనా మందలించండి, ఈ మాటలు మాత్రం వద్దు." "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే ఆయన పాత సంగతులన్నీ తీస్తాడు, అసలు మాట పక్కకు పోతుంది. ఇంటికొచ్చి "ఈ రోజు మాట్లాడుకున్న విషయం" అని రెండు వాక్యాలు ఆయనకు మెసేజ్ పెట్టండి. మళ్ళీ జరిగితే, ముందే చెప్పామనడానికి అదే ఆధారం.

సార్ కొడుకు రోజూ ఓపెనింగ్, మావాడు రోజూ బెంచీ. ఫిర్యాదు చేయొచ్చా?

జట్టు ఎంపిక మీద ఫిర్యాదు దాదాపు ఎక్కడా నిలవదు. పైగా తర్వాత నిజంగా పెద్ద తప్పు జరిగినప్పుడు "వీళ్ళకి కొడుకు ఆడలేదని కడుపుమంట" అన్న ముద్ర అడ్డమొస్తుంది. "జట్టులోకి రావాలంటే మావాడు ఏం మెరుగుపరుచుకోవాలి సార్?" అని అడిగి, ఆయన చెప్పింది రాసుకుని, నెల తర్వాత అదే కాగితం పట్టుకుని మళ్ళీ అడగండి. 12 ఏళ్ళ లోపు పిల్లల టోర్నమెంట్లలో ప్రతి ఒక్కరూ కనీసం ఇన్ని ఓవర్లు లేదా ఇన్ని నిమిషాలు ఆడాలన్న నియమం పెట్టమని నిర్వాహకుల్ని అందరూ కలిసి అడగొచ్చు. ఒక్కరే అడిగితే స్వార్థంగా కనిపిస్తుంది.

తప్పు చేస్తే గుంజీలు, గోడకుర్చీ, మోకాళ్ళ మీద ఎండలో నిలబెట్టడం. "మా కాలంలో ఇట్టానే నేర్చుకున్నాం, గమ్మునుండు" అంటాడు మా ఆయన.

ఆ కాలంలో అట్టా నేర్చుకున్నవాళ్ళలో ఆట మానేసినవాళ్ళ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. అది పక్కనపెట్టి, ఒంటికి జరిగే సంగతి చూడండి.

పది ఇరవై గుంజీలు వ్యాయామమే. ఒకేసారి వందల కొద్దీ తీయిస్తే, అలవాటు లేని పిల్లవాడి తొడ కండరాలు చితికి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడతాయి. ఇది వెంటనే తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో తొడలు వాచి బిగుసుకుంటాయి, మెట్లు దిగలేడు, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. ఆ రంగు కనిపిస్తే నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరుకి "కాళ్ళనొప్పులు" అని వదిలేయకుండా ఎన్ని గుంజీలు, ఏ రోజు, ఎండలోనా అన్నది చెప్పండి. రక్తపరీక్షలో ఏం చూడాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక చట్టం మాట. బడిలో శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండింటినీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. బడి బయటి గ్రౌండులోనైతే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది: పిల్లవాడు ఎవరి అదుపులో ఉన్నాడో వాళ్ళే కొట్టినా, హింసించినా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జీతం తీసుకుంటున్నాడా లేదా అన్నది ఆ సెక్షన్ అడగదు.

మే నెలలో పదకొండింటిదాకా ప్రాక్టీస్ పెడుతున్నారు. నీళ్ళకి కూడా పోనివ్వట్లేదు.

మే నెలలో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనైనా ఊరి హైస్కూల్ గ్రౌండులోనైనా ఆ నెలలో పొద్దున తొమ్మిదికల్లా ముగించాలి, సాయంత్రం ఐదు దాటాకే మొదలుపెట్టాలి. ప్రతి 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు దాహం వేసినా వేయకపోయినా తాగాలి. "నీళ్ళు తాగితే కడుపు బరువెక్కి పరిగెత్తలేరు" అన్నది పాత మూఢనమ్మకం. గంట దాటితే ఓఆర్ఎస్ ఇవ్వొచ్చు. లీటరు నీళ్ళకు కలిపే ప్యాకెట్‌ని లీటరులోనే కలపాలి, గ్లాసులో కాదు.

పిల్లవాడు తూలుతున్నా, పిచ్చిగా మాట్లాడుతున్నా, పడిపోయినా అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పి, బకెట్లతో నీళ్ళు పోస్తూ, మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ పెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆటో వచ్చేదాకా చల్లబరచకుండా కూర్చోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

కబడ్డీ సెలక్షన్‌కి బరువు తగ్గాలని రెండు రోజుల నుంచి తిండి, నీళ్ళు ఆపేశారు.

సబ్ జూనియర్, జూనియర్ కబడ్డీలో వయసుతోపాటు బరువు హద్దు కూడా ఉంటుంది. అక్కడే ఈ పాడు అలవాటు పుట్టింది: ప్లాస్టిక్ కవర్లు, జాకెట్లు తొడిగి ఎండలో పరిగెత్తించడం, ఉమ్మి ఊయించడం, నీళ్ళమాత్రలు (ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టేవి) మింగించడం. తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. బరువులో రెండు శాతం నీరు పోతేనే ఆట మందగిస్తుంది, అంతకు మించితే గుండె, మూత్రపిండాల మీద భారం. నీళ్ళమాత్రలు డోపింగ్ నిషేధిత జాబితాలో కూడా ఉన్నాయి.

ఎదిగే పిల్లవాడు హద్దుకి రెండు మూడు కిలోలు పైన ఉంటే పై విభాగంలో ఆడించడమే దారి. ఒప్పుకోకపోతే సెలక్షన్ వదిలేయండి. వచ్చే ఏడు సెలక్షన్ మళ్ళీ వస్తుంది.

తలకి దెబ్బ తగిలినా "ఏం కాదులే, ఆడు" అని దింపారు.

తలకి దెబ్బ తగిలి ఒక్క క్షణం తికమకపడినా ఆ రోజుకి ఆట ముగిసినట్టే, ఫైనల్ అయినా సరే. వాంతి, పెరిగే తలనొప్పి, మగత, రెండుగా కనిపించడం ఉంటే వెంటనే ఆసుపత్రికి. డాక్టరు ఆడొచ్చని రాసిచ్చేదాకా కోచ్ మాట చెల్లదు.

మా పిలగాడు ఫాస్ట్ బౌలర్. రోజుకి ఇరవై ఓవర్లు వేయిస్తున్నారు, నడుం నొప్పంటున్నాడు.

ఇరవై చాలా ఎక్కువ. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు లెక్కను కొలతగా పెట్టుకోండి: 13 ఏళ్ళ లోపు ఫాస్ట్ బౌలర్‌కి వరుసగా 5 ఓవర్లు, రోజు మొత్తానికి 10. 14, 15 విభాగాల్లో వరుసగా 6, రోజుకి 12. ఎదిగే వయసులో మోతాదు మించితే నడుం ఎముకలో సన్నటి పగులు వస్తుంది. వెనక్కి వంగినప్పుడు నడుం కింద ఒకవైపే నొప్పి వస్తుంటే బౌలింగ్ ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. నెట్స్‌లో వేసిన బంతులు కూడా లెక్కలోకి వస్తాయి, కోచ్‌లు వదిలేసేది వాటినే.

బలానికని ఏవో పౌడర్లు, ఇంజెక్షన్లు ఇస్తున్నారు.

ఏదీ వేయించుకోకముందే సీసా, స్ట్రిప్, డబ్బా వెనక లేబుల్ ఫోటో తీసుకోండి. ఆ పేరు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వాళ్ళ "నో యువర్ మెడిసిన్" యాప్‌లో వెతకండి, మీ డాక్టరుకి చూపించండి. పరీక్షలో దొరికితే నిషేధం పడేది ఆటగాడి మీద. "సార్ ఇచ్చాడు, నాకు తెలియదు" అంటే శిక్ష తగ్గొచ్చేమో కానీ పేరు పోతుంది. కోచ్ చేతి ఇంజెక్షన్ ఏ పరిస్థితిలోనూ వద్దు.

వయసు రెండేళ్ళు తగ్గించి కొత్త బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. అందరూ చేస్తున్నారంట.

చాలామంది చేస్తున్నారు, దొరికిపోతున్నారు కూడా. బీసీసీఐ వయసు విభాగాల్లో మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తుంది, తప్పుడు పత్రం తేలితే రెండేళ్ళ నిషేధం. ఆ తప్పుడు తేదీ పదో తరగతి మెమోలో ఉన్న తేదీతో కలవక రేపు ఉద్యోగం దగ్గర ఇంకో చిక్కు. సంతకం పెట్టేది తండ్రి, కేసు పడేది తండ్రి మీద. సార్ పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

సెలక్షన్ ఖాయం చేయిస్తా, ఖర్చులుంటాయి అంటున్నారు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 3 శాతానికి పెరిగాక ఈ బేరం కూడా పెరిగింది. జెర్సీకి, ఎంట్రీ ఫీజుకి, బస్సుకి డబ్బు అడగడం తప్పు కాదు. రసీదు ఇవ్వాలి, లేదంటే గ్రూపులో లెక్క పెట్టాలి. సెలక్షన్‌కి, సర్టిఫికెట్‌కి అడిగే డబ్బుకి మాత్రం రసీదు ఉండదు. అడిగిన మెసేజ్ దాచుకోండి, ఇవ్వకండి. ఇచ్చాక ఫిర్యాదు చేయాలంటే లంచం ఇచ్చిన చెయ్యి మీదే అవుతుంది.

## హద్దు దాటినప్పుడు

చెంప మీద వేళ్ళ గుర్తులతో ఇంటికొచ్చాడు. పోయి నాలుగు తగిలించాలనిపిస్తోంది.

తగిలిస్తే కేసు మీ మీద మొదలవుతుంది, ఆయన బాధితుడైపోతాడు. గుర్తులు ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి కాబట్టి ముందు ఫోటోలు: ఒకటి ముఖం మొత్తం కనిపించేట్టు, ఒకటి దగ్గర నుంచి, పగటి వెలుతురులో. తర్వాత ప్రభుత్వాసుపత్రి. డాక్టరుకి "కోచ్ కొట్టాడు" అని చెప్తే మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా నమోదు చేస్తారు. "పడ్డాడు" అని రాయిస్తే తర్వాత దాన్ని మార్చడం కష్టం. చెవి మీద దెబ్బ తగిలి ఉంటే వినికిడి కూడా చూడమనండి, కర్ణభేరి చిరగడం అరుదేం కాదు.

కులం పేరు పెట్టి అందరి ముందు తిట్టాడు.

ఎస్సీ, ఎస్టీ పిల్లల విషయంలో ఇది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. గ్రౌండు పదిమందికీ కనిపించే చోటు కాబట్టి "నలుగురిలో అవమానించడం" అన్న షరతు నెరవేరుతుంది. ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణలో స్పష్టంగా ఉంది, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేస్తారు. అన్న మాట ఉన్నది ఉన్నట్టు, విన్నవాళ్ళ పేర్లతో రాసివ్వాలి.

మా పాపకి రాత్రి పదిన్నరకి మెసేజీలు పెడుతున్నాడు. "తిన్నావా, పడుకున్నావా" అనే, అంతకంటే ఏం లేదు.

పిల్లను దగ్గర చేసుకునేవాళ్ళ మొదటి మెట్టు ఇట్టానే ఉంటుంది. తర్వాత "ఇంట్లో చెప్పొద్దు", ఆ తర్వాత ఫోటో అడగడం, బహుమతి, ఒంటరి ప్రాక్టీస్. ఈ దశలోనే "సార్, పాపకి చెప్పాల్సినవి నాకు పెట్టండి" అని మీ నంబర్ నుంచి ఒక్క మెసేజ్ చాలు. మంచివాడైతే సరే అంటాడు, మానేస్తాడు. ఆపకపోతే, మాటల్లో వంకర కనిపిస్తే స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకివ్వండి. దురుద్దేశంతో పదేపదే మెసేజ్ చేయడం, బూతుబొమ్మలు చూపించడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టంలో లైంగిక వేధింపే. చాట్ చెరపకండి, పాప ఫోన్ లాక్కోకండి. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది ఆడపిల్లలు చెప్పకుండా దాస్తారు.

"సార్ ఒళ్ళంతా తడుముతున్నాడమ్మా" అని చెప్పింది. ముందు ఏం చేయాలి?

ముందు నమ్మండి. "నువ్వు చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు" అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, ఇంటిల్లిపాదీ వంతులవారీగా అసలే అడగొద్దు. పాప తనంతట తను చెప్పిన మాటలను అవే మాటల్లో రాసిపెట్టుకోండి. వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో ఉంచండి. 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) గాని 112కి (పోలీసు, అత్యవసర సాయం) గాని ఫోన్ చేయండి, రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి.

పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న భయం అక్కర్లేదు. పోక్సో ప్రకారం వాంగ్మూలం ఇంట్లోనో, పాప కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. ఆడపిల్లకు వైద్యపరీక్ష మహిళా డాక్టరే చేయాలి, మీరు పక్కన ఉండొచ్చు. మగపిల్లలకూ ఇదే చట్టం. 18 ఏళ్ళ లోపు అందరూ దీని కిందికి వస్తారు.

ఆట నేర్పేటప్పుడు తాకడం తప్పనిసరైన సందర్భాలుంటాయి, కబడ్డీ పట్టు, జిమ్నాస్టిక్స్, యోగా లాంటివి. అక్కడ కూడా తాకేముందు చెప్పి, నలుగురి ఎదుట, అవసరమైనంతసేపే.

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని తేల్చేద్దామంటున్నారు. పిల్ల పెళ్ళి గురించి ఆలోచించమంటున్నారు.

పోక్సో నేరం రాజీకి వచ్చేది కాదు. తెలిసి కూడా చెప్పకుండా ఉంటే ఆరు నెలల దాకా జైలు, సంస్థకు బాధ్యుడైతే ఏడాది దాకా. అంటే పంచాయితీలో కూర్చున్నవాళ్ళకూ, క్లబ్ కార్యదర్శికీ వర్తిస్తుంది. ఈ మాట మెల్లగా చెప్పి చూడండి, చాలామంది పెద్దమనుషులకు ఆ రోజు వేరే పని గుర్తొస్తుంది. ఇక పాప పేరు, ఫోటో, బడి పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

బయటూరు టోర్నమెంట్‌కి మూడు రోజులు పంపమంటున్నారు. కోచ్ మీద అనుమానంగా ఉంది.

అనుమానం ఉన్నచోటికి పంపొద్దు. అనుమానం లేకపోయినా ఆడపిల్లల జట్టు వెంట మహిళా మేనేజర్ ఉండాలి, పిల్లల గదిలో ఏ పెద్దవాళ్ళూ పడుకోకూడదు, బస ఎక్కడో ఫోన్ నంబరుతో ముందే రాసివ్వాలి, రోజుకి రెండుసార్లు పిల్ల మీతో మాట్లాడాలి. తల్లుల్లో ఒకరిని సొంత ఖర్చుతో వెంట పంపడానికి ఒప్పుకోని కోచ్‌ని ఎందుకొద్దో అడగండి.

## ఫిర్యాదు చేసేటప్పుడు

అసలు ఎవరికి చేయాలి? అందరూ ఇంకొకరి పేరు చెప్తున్నారు.

శిబిరం ఎవరిదో దాన్నిబట్టి. బడి జట్టయితే హెడ్మాస్టరు, తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ). ప్రభుత్వ వేసవి శిబిరమైతే జిల్లా క్రీడాభివృద్ధి అధికారి, ఆపైన జిల్లా క్రీడా ప్రాధికార సంస్థకు అధ్యక్షుడైన కలెక్టర్. సంఘం జట్టయితే జిల్లా కార్యదర్శి, తర్వాత రాష్ట్ర సంఘం. సొంతంగా నడిపే అకాడమీకి పైన ఎవరూ ఉండరు, నేరుగా జిల్లా బాలల పరిరక్షణ అధికారి, బాలల సంక్షేమ సమితి, పోలీసులే. కొట్టడం, లైంగిక వేధింపు ఉంటే సంఘం జవాబు కోసం ఆగాల్సిన పని లేదు.

వారం గడిచినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, నమోదు నంబరున్న రసీదు తీసుకోండి.

ఫిర్యాదు ఎట్టా రాయాలి?

ఒక్క పేజీ. జరిగింది మాత్రమే, మీ ఆవేశం కాదు. ఇదిగో నమూనా:

"అయ్యా, మా అబ్బాయి 8వ తరగతి, మీ శిబిరంలో అండర్-14 కబడ్డీ నేర్చుకుంటున్నాడు. మే 12, సోమవారం ఉదయం 6.40కి, రైడ్ తప్పినందుకు కోచ్ గారు ఎడమ చెంప మీద రెండుసార్లు కొట్టారు. అప్పుడు అక్కడ ఆరుగురు పిల్లలు, ఒక తండ్రి ఉన్నారు. అదే రోజు ఆసుపత్రిలో చూపించాం, చీటీ నకలు జతచేశాం. ఏప్రిల్ 28న కూడా ఇలా జరిగితే నోటితో చెప్పాం. విచారణ ముగిసేదాకా ఆయన్ని పిల్లల దగ్గరికి రానివ్వొద్దని, ఏడు రోజుల్లో జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం."

రెండు ప్రతులు తీసుకెళ్ళి, మీ ప్రతి మీద "అందినది" అని సంతకం, తేదీ వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. చాలా ఫిర్యాదులు ఆగిపోయేది ఒకే చోట: ఇచ్చినట్టు రుజువు ఉండదు.

పోలీసులు "మా పరిధి కాదు" అంటున్నారు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ (దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు) నమోదు చేయాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. కాదంటే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ హక్కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది.

ఆయనకి ఫలానా నాయకుడి అండ ఉంది. మన మాట ఎవరు వింటారు?

ఒక ఇంటివాళ్ళు ఇచ్చిన కాగితం పక్కకి పోవచ్చు, ఐదు ఇళ్ళవాళ్ళు విడివిడిగా ఇచ్చిన ఐదు కాగితాలు పోవు. ఒకే కాగితం మీద ఐదు సంతకాలైతే ఒకరిని వెనక్కి లాగితే మిగతావాళ్ళూ జారుకుంటారు. ప్రత్యర్థి పార్టీ వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, ఆ క్షణం నుంచి అది పిల్లవాడి విషయం కాకుండా పోతుంది.

వాట్సాప్ గ్రూపులో వీడియో పెడితే తొందరగా తేలుతుంది కదా?

తొందరగా పాకుతుంది, తేలదు. పిల్లవాడి ముఖం ఊరంతా తిరుగుతుంది, కోచ్ పరువునష్టం అంటాడు. వీడియోని నిర్వాహకులకో పోలీసులకో మాత్రమే ఇవ్వండి, అసలు ఫైలు మీ ఫోన్‌లో కత్తిరించకుండా ఉంచండి.

## ఆ తర్వాత

ఫిర్యాదు చేసినందుకు మావాణ్ణి జట్టులోంచి తీసేశారు.

తీసేసిన తేదీ, ఫిర్యాదు తేదీ పక్కపక్కన పెట్టి రెండో కాగితం ఇవ్వండి. ఈలోగా ఆట ఆగనివ్వొద్దు. వేరే గ్రౌండు, వేరే బడి జట్టు, ఏదో ఒకటి. కోర్టులు, విచారణలు నెలలు పడతాయి, పన్నెండేళ్ళ పిల్లవాడికి ఆరు నెలలంటే చాలా కాలం.

సార్ వచ్చి క్షమాపణ అడిగారు. వదిలేయాలా?

నోరు జారిన తప్పయితే, పిల్లవాడి ముందే చెప్పి, ఆ తర్వాత తీరు మారితే వదిలేయొచ్చు. కొట్టడమైతే రాతలో ఇవ్వాలి, కొన్నాళ్ళు ఇంకొకరి పర్యవేక్షణలో ఉండాలి. లైంగిక వేధింపుకి క్షమాపణ అన్న మాటే లేదు.

## నిర్వాహకులకు

మాకున్నది ఒక్క కోచే. తీసేస్తే జట్టే లేదు.

అందుకే మొదటి రోజు నుంచి ఇద్దరు కావాలి. రెండో మనిషికి ఆట రానక్కర్లేదు. రిటైరైన టీచరైనా, ఒక తల్లైనా గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చుంటే సగం సమస్యలు పుట్టవు. బూతుకి మొదటిసారి నోటి హెచ్చరిక, రెండోసారి రాతలో, మూడోసారి సెలవు. చెయ్యి చేసుకుంటే, ఆడపిల్లల జోలికి పోతే హెచ్చరికలు లేవు, ఆ రోజే ఆపేయాలి. విచారణ తర్వాత.

కొత్త కోచ్‌ని పెట్టుకునేముందు ఏం చూడాలి?

గుర్తింపు కార్డు, ముందు పనిచేసిన రెండు చోట్ల ఫోన్‌లో విచారణ, స్థానిక స్టేషన్ ద్వారా పోలీస్ వెరిఫికేషన్. కొట్టను, తిట్టను, పిల్లలకు విడిగా మెసేజ్ చేయను, ఒంటరిగా బండి ఎక్కించుకోను అని ఒక పేజీ ఒప్పందం మీద సంతకం. అదే పేజీ గ్రౌండు గోడ మీద అతికించండి, కింద ఫిర్యాదుకి ఫోన్ చేయాల్సిన నంబరు, అది కోచ్ నంబరు కాకుండా.

తల్లిదండ్రులు పగబట్టి తప్పుడు ఫిర్యాదు చేస్తే మా కోచ్ గతేంటి?

అలాంటివీ వస్తాయి, ముఖ్యంగా సెలక్షన్ లిస్టు పెట్టిన వారంలో. ఇద్దరినీ విడివిడిగా, ఇద్దరు సభ్యులు కూర్చుని వినండి, చెప్పింది రాసి సంతకం తీసుకోండి. పిల్లల్ని కోచ్ ఎదుట అడగకండి. విచారణ జరిగినంతకాలం పక్కన ఉండమనడం శిక్ష కాదని కోచ్‌కి ముందే చెప్పండి. తప్పు లేదని తేలితే అదే గ్రూపులో, అదే స్పష్టతతో ప్రకటించాలి. హాజరు పట్టిక, రెండో పెద్దమనిషి సాక్ష్యం ఉన్న కోచ్‌కి ఇలాంటి ఫిర్యాదు వారంలో తేలిపోతుంది. లైంగిక ఆరోపణ అయితే మాత్రం మీరు విచారించే పని పెట్టుకోవద్దు, పోలీసులకు చెప్పడమే మీ పని.